ప్లస్ పవర్‌కి లేసిక్ అయ్యాక చూపు తేడా కొడుతుంటే: దేనికి ఆగొచ్చు, దేనికి ఆ రోజే పరిగెత్తాలి

నేను ఆప్టోమెట్రిస్ట్‌ని. కళ్ళ హాస్పిటల్లో డాక్టర్ గారి రూమ్‌లోకి వెళ్ళేముందు చూపు, పవర్, ప్రెషర్ చూసేది మాలాంటి వాళ్ళమే, అందుకే ఆపరేషన్ అయ్యాక ఎవరికి ఏ తేడా వచ్చినా ముందు చెప్పుకునేది మాతోనే. లేసిక్, అంటే లేజర్‌తో కళ్ళజోడు పవర్ తీసే ఆపరేషన్, అనగానే అందరికీ తెలిసింది మైనస్ పవర్ లేసిక్, పక్కింటబ్బాయి చేయించుకున్నాడు మర్నాడే బండి నెంబర్ ప్లేట్లన్నీ చదివేశాడు అని విని ప్లస్ పవర్ వాళ్ళు కూడా అదే అనుకుని వస్తారు. ప్లస్ పవర్ ఆపరేషన్ వేరే, అది మానే తీరు వేరే, అందులో వచ్చే తేడాలు కూడా కొంచెం వేరే. ఆ తేడాలు వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ఒక్కచోట తెలుగులో ఉంటే బాగుంటుందని ఇది రాస్తున్నా.

ముందు ఒక మాట, నలభై దాటాక పేపర్ చదవడానికి పెట్టుకునే కళ్ళజోడు చత్వారం వల్ల, అంటే కంటి లోపలి లెన్స్‌కి పట్టు తగ్గడం వల్ల. నేను చెప్తున్న ప్లస్ పవర్ అది కాదు, కన్ను పుట్టుకతోనే కాస్త పొట్టిగా ఉండటం వల్లో కార్నియా మరీ చదునుగా ఉండటం వల్లో వచ్చేది. అయితే చత్వారానికి కూడా కొందరు ఒక కంటికి ఇదే తరహా లేజర్ చేయించుకుంటారు, వాళ్ళకి కూడా కింద రాసిందంతా వర్తిస్తుంది.

కార్నియా అంటే నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొర, మధ్యలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు. మైనస్ పవర్‌కి లేజర్ ఆ మధ్య భాగాన్ని చెక్కి చదును చేస్తుంది. ప్లస్ పవర్‌కి మధ్యలో ముట్టుకోదు, చుట్టూ గుండ్రంగా చెక్కుతుంది, చుట్టూ కాలువ తవ్వితే మధ్యలో దిబ్బ లేచినట్టు కార్నియా మధ్య భాగం నిటారుగా అవుతుంది. చెక్కే ప్రాంతం మొత్తం కలిపితే దాదాపు 9 మిల్లీమీటర్ల వెడల్పు వస్తుంది కాబట్టి పైపొరని కోసి తెరిచే ఫ్లాప్ కూడా పెద్దది చెయ్యాలి, దాని అంచు తెల్లగుడ్డు దగ్గరదాకా వెళ్తుంది, పైగా ప్లస్ పవర్ కళ్ళల్లో కార్నియా చిన్నదిగా ఉండేవి కూడా ఎక్కువే. మీకు రాబోయే ఇబ్బందులన్నీ దాదాపు ఈ రెండు విషయాల నుంచే వస్తాయి, మధ్యలో నిటారు, అంచున పెద్ద ఫ్లాప్. ఇది గుర్తుంటే మిగతాదంతా ఎందుకో అర్థమవుతుంది.

మామూలు మసక ఏది

ప్లస్ పవర్ చేశాక మొదటి కొన్ని వారాలు దూరపువి మసగ్గా ఉండటం చాలామందిలో ఉంటుంది. ఎందుకంటే ఈ ఆపరేషన్ తర్వాత పవర్ కొంత వెనక్కి వస్తుందని ముందే తెలుసు, మొదట్లో కన్ను కాస్త మైనస్ వైపు ఉండి నెమ్మదిగా సర్దుకుంటుంది. దగ్గరవి బాగున్నాయి దూరపువే కొంచెం తేడాగా ఉన్నాయి, వారం వారం చూస్తుంటే మెరుగవుతోంది అంటే కంగారు పడక్కర్లేదు. రాత్రిళ్ళు లైట్ల చుట్టూ వలయాలు, మధ్యాహ్నానికి కళ్ళు పొడిబారడం, ఇవి కూడా మొదటి నెలల్లో మామూలే.

చిక్కేంటంటే ఈ "సెటిల్ అవుతుంది" అనే మాట అలవాటైపోయి నిజంగా ప్రమాదం వచ్చినప్పుడు కూడా జనం అదే అనుకుంటూ కూర్చుంటారు. నేను అందరికీ చెప్పే గుర్తు ఒక్కటే: బాగుపడుతూ వచ్చిన చూపు మళ్ళీ తగ్గడం మొదలైతే అది సెటిల్ అవ్వడం కాదు. నిన్న చదివిన అక్షరం ఇవాళ చదవలేకపోతున్నారంటే, అది డ్రాప్స్ వేసి పది నిమిషాలు కళ్ళు మూసుకుని తెరిచాక కూడా అలాగే ఉంటే, అపాయింట్‌మెంట్ ఇంకో వారం ఉందని చూడొద్దు, ఆ రోజే వెళ్ళండి.

దీనికి ఇంట్లో చేసుకునే పరీక్ష ఒకటుంది, ఖర్చు లేదు. గోడ మీద తెలుగు క్యాలెండర్ ఉంటుంది కదా, అంకె కింద చిన్న అక్షరాల్లో తిథి, నక్షత్రం, వర్జ్యం వేస్తారు. నేల మీద ఒకచోట టేప్ అంటించుకుని రోజూ అక్కడే నిలబడి, పొద్దున్న ఒకే టైముకి, ఒకే వెలుతురులో, ఒక కన్ను అరచేత్తో మూసి రెండో కంటితో చదవండి, వేళ్ళతో కన్ను నొక్కొద్దు, అరచెయ్యి గిన్నెలా పెట్టండి చాలు. రెండు కళ్ళతో కలిపి చూస్తే ఒక కంటి తేడాని ఇంకో కన్ను కప్పేస్తుంది, చాలామంది లేటుగా రావడానికి అసలు కారణం ఇదే. ఎంతవరకు చదవగలిగారో ఫోన్లో రాసుకోండి. అట్టముక్కకి గుండుసూదితో చిన్న చిల్లు పెట్టి అందులోంచి చూస్తే అక్షరం స్పష్టమైందనుకోండి, తేడా పవర్‌లోనో కార్నియా పైభాగంలోనో ఉండే అవకాశం ఎక్కువ, చిల్లులోంచి చూసినా మారలేదంటే ఇంకేదో ఉంది, ఆ మాట కూడా డాక్టర్‌కి చెప్పండి.

మొదటి రోజు, మొదటి వారం

ఆపరేషన్ మర్నాడు చెకప్‌కి రమ్మంటారు. "బాగానే కనిపిస్తోందిగా, ఊర్నుంచి మళ్ళీ ఎందుకు రావడం" అని మానేసే వాళ్ళున్నారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు. ఆ రోజు స్లిట్ ల్యాంప్‌లో, అంటే గడ్డం ఆనించి కూర్చోబెట్టి కన్ను పెద్దగా చూసే మైక్రోస్కోప్‌లో, చూసేది మీకు కనిపిస్తోందా లేదా అని కాదు, ఫ్లాప్ పక్కకి జరిగిందా, ముడత పడిందా, దాని కింద తెల్లటి సన్నటి ఇసుక చల్లినట్టు ఏమైనా మొదలైందా అని. ఆ చివరిదాన్ని డిఫ్యూజ్ లామెల్లర్ కెరటైటిస్ అంటారు, మేం డీఎల్‌కే అంటాం. ఇది ఇన్‌ఫెక్షన్ కాదు, ఫ్లాప్ కింద వచ్చే వాపు. మొదట్లో పెద్దగా నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు కూడా, వెలుతురు చూస్తే కొంచెం గుచ్చుకోవడం, పొగమంచులోంచి చూస్తున్నట్టు ఉండటం అంతే. నాలుగు గ్రేడ్లు ఉంటాయి, 1, 2 గ్రేడ్లలో ఉండగా పట్టుకుంటే స్టెరాయిడ్ డ్రాప్స్ గంటగంటకీ వేసి తగ్గించేస్తారు, 3 అయితే ఫ్లాప్ ఎత్తి కడగాల్సి వస్తుంది, 4 దాకా వెళ్తే మధ్యలో కార్నియా కరిగి మచ్చ పడుతుంది, పవర్ మళ్ళీ ప్లస్ వైపు పోతుంది. ఒక్కో గ్రేడ్ దాటడానికి ఒకటి రెండు రోజులు చాలు, అందుకే మొదటి వారంలో మసక పెరిగితే ఫోన్ చేసి అడగడం కాదు, మనిషి వెళ్ళాలి.

ఫ్లాప్ పక్కకి జరగడం ఇంకోటి. మొదటి రాత్రి నిద్రలో కళ్ళు నులుముకోకుండా షీల్డ్ ఇస్తారు, ఉక్కగా ఉందని తీసేస్తారు. ఉన్నట్టుండి చూపు పడిపోయి, నీళ్ళు ధారగా కారుతూ, కంట్లో ఏదో మడతపడి ఉన్నట్టు గట్టిగా గుచ్చుకుంటుంటే ఫ్లాప్ కదిలిందని అనుమానించండి. కన్ను మూసి, షీల్డ్ పెట్టి, ఏమీ రుద్దకుండా, నీళ్ళతో కడక్కుండా అదే పూట వెళ్ళండి. మొదటి గంటల్లో అయితే డాక్టర్ ఎత్తి సరిగ్గా పరిచేస్తారు, రోజులు గడిస్తే ముడతలు గట్టిపడిపోతాయి. ఇది మొదటి వారానికే పరిమితం అనుకోకండి, ఫ్లాప్ అంచు మాత్రమే గట్టిగా అతుక్కుంటుంది, లోపల ఎప్పటికీ పూర్తి బలంతో అతకదు, ఏళ్ళ తర్వాత కూడా దెబ్బ తగిలితే లేస్తుంది. ఎత్తుకున్న పసిపిల్ల గోరు తగిలి ఫ్లాప్ అంచు లేచిన ఒకావిడని నేను చూశాను, ఆపరేషన్ అయ్యి చాలా కాలమైంది కాబట్టి ఆ సంగతి డ్యూటీ డాక్టర్‌కి చెప్పాలని ఆవిడకి తోచలేదు. కంటికి ఏ దెబ్బ తగిలినా, ఎన్నేళ్ళైనా సరే, "నాకు లేసిక్ అయ్యింది" అని ముందు చెప్పండి.

ఇన్‌ఫెక్షన్ అయితే నొప్పి, ఎరుపు, పుసులు, వెలుతురు చూడలేకపోవడం, నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క. అద్దంలో ఆ తెల్ల చుక్క కనిపించిందంటే ఇంక ఆలోచించకండి, అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకి వెళ్ళాలి. మొదటి రెండు వారాల్లో వచ్చేవి ఎక్కువగా మామూలు బ్యాక్టీరియావి. రెండో వారం దాటాక నెమ్మదిగా వచ్చేవి వేరే రకం, మైకోబ్యాక్టీరియా జాతివి, ఫంగస్, ఇవి మొండివి, మామూలు యాంటిబయాటిక్ డ్రాప్స్‌కి లొంగవు. డాక్టర్ ఫ్లాప్ ఎత్తి అక్కడ గీకి ల్యాబ్‌కి పంపాలి అంటే భయపడి వద్దనకండి, క్రిమి ఏదో తెలీకుండా మందు వేస్తూ పోతే వారాలు పోతాయి, కార్నియా పోతుంది. పొలం పని, కోళ్ళ ఫారం, సిమెంట్ పని, ఇలా దుమ్ములో ఉండేవాళ్ళైతే ఆ మాట కూడా చెప్పండి, మన దగ్గర పొలాల్లో దుమ్ము, ఆకు తగిలి వచ్చే ఫంగస్ పుండ్లు చాలా ఎక్కువ కాబట్టి డాక్టర్ అటువైపు కూడా చూస్తారు.

కంట్లో ఏం వెయ్యకూడదు

ఈ ముక్క గట్టిగా చెప్పాలి. ఆపరేషన్ అయిన కంట్లో తల్లిపాలు, తేనె, ఆముదం, రోజ్‌వాటర్, నందివర్ధనం పూల రసం, ఏదీ వెయ్యొద్దు. పెద్దవాళ్ళు ప్రేమతోనే చెప్తారు, వాళ్ళతో గొడవ అక్కర్లేదు, "డాక్టర్ గారు వద్దన్నారమ్మా" అనండి చాలు. తలంటు కొన్ని వారాలు వాయిదా వెయ్యండి, ముఖ్యంగా కుంకుడు రసం, మామూలు కంట్లో పడితేనే పైపొర చెదిరి రోజంతా మంట, ఫ్లాప్ కన్ను అయితే ఇక చెప్పక్కర్లేదు. కాటుక, చెరువు స్నానం, స్విమ్మింగ్ పూల్, హోలీ రంగులు కూడా అంతే, డాక్టర్ ఓకే అనేదాకా ఆగాలి.

వీటికన్నా పెద్ద ప్రమాదం మెడికల్ షాపు. కన్ను ఎర్రగా ఉందంటే అతను ఇచ్చే చిన్న బాటిల్లో చాలాసార్లు యాంటిబయాటిక్‌తో పాటు స్టెరాయిడ్ కూడా కలిసే ఉంటుంది. వెయ్యగానే ఎరుపు తగ్గుతుంది, హాయిగా ఉంటుంది, అందుకే మళ్ళీ మళ్ళీ కొంటారు. ఫంగస్ ఉంటే అది స్టెరాయిడ్ నీడలో లోపల పెరిగిపోతుంది. ఇంకో తేడా కూడా ఉంది, అది అంత తేలిగ్గా దొరకదు కాబట్టి కాస్త వివరంగా చెప్తా. స్టెరాయిడ్ డ్రాప్స్ కొందరిలో కంటి ప్రెషర్ పెంచుతాయి, ఆ ప్రెషర్‌కి ఫ్లాప్ కింద నీరు చేరి మసక వస్తుంది, చూడటానికి అచ్చం డీఎల్‌కే లాగే ఉంటుంది, దాంతో వాపు తగ్గలేదని ఇంకా స్టెరాయిడ్ పెంచుతారు, ప్రెషర్ ఇంకా పెరుగుతుంది. పైగా ఆ నీటి పొర వల్ల మధ్యలో ప్రెషర్ కొలిస్తే తక్కువ చూపిస్తుంది, కార్నియా అంచున కొలిస్తే గానీ అసలు సంగతి తేలదు. ఈలోగా కంటి నరం దెబ్బతింటుంది. అందుకే వారం పది రోజులు దాటాక కూడా స్టెరాయిడ్ వేస్తూ మసక పెరుగుతోందంటే "నా ప్రెషర్ ఎంత ఉంది, పక్క నుంచి కూడా కొలిచారా" అని మర్యాదగా అడగండి. డాక్టర్ రాసిన స్టెరాయిడ్ మీరే ఆపేయడం కూడా తప్పే, ఆపాలా తగ్గించాలా అనేది వాళ్ళు చెప్పాలి.

నెలల తర్వాత వచ్చేవి

ప్లస్ పవర్ వాళ్ళల్లో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది నొప్పి లేకుండా వచ్చే పుండు. ఫ్లాప్ కోసినప్పుడు కార్నియాలోని సన్నటి నరాలు తెగుతాయి, స్పర్శ తిరిగి రావడానికి ఆరు నెలలు, ఏడాది కూడా పడుతుంది. మధ్యలో నిటారుగా లేచిన చోట కన్నీటి పొర నిలవదు, రెప్ప మాటిమాటికీ అక్కడే రాసుకుంటుంది, పైపొర పల్చబడుతుంది. స్పర్శ ఉంటే మంట పుట్టి ముందే తెలిసేది, లేదు కాబట్టి తెలీదు. ప్లస్ నాలుగు దాటిన పవర్‌కి ఆపరేషన్ చేయించుకున్న ఒక టీచరమ్మ నా దగ్గర కూర్చుని "నొప్పేం లేదండీ, బోర్డు మాత్రం నెల నుంచి అలుక్కుపోయినట్టుంది, పొడిబారిందేమోలే అని డ్రాప్స్ వేసుకుంటున్నా" అన్నారు. పసుపురంగు ఫ్లోరెసిన్ స్ట్రిప్ తాకించి నీలం లైట్ వేశాం, కార్నియా సరిగ్గా మధ్యలో పచ్చగా మెరుస్తూ ఒక మచ్చ, పైపొర అక్కడ లేదు. దూది పోగు కొసతో కార్నియాని తాకిస్తే మామూలుగా ఎవరికైనా రెప్ప టక్కున పడుతుంది, ఆవిడకి పడలేదు. ఆవిడ వాడుతున్న డ్రాప్స్‌లో ప్రిజర్వేటివ్ ఉంది, రోజుకి పదిసార్లు వేస్తే అదే పైపొరని ఇంకా చెడగొడుతుంది.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఇది. డ్రై ఐ డ్రాప్స్ రోజుకి నాలుగుసార్ల కన్నా ఎక్కువ వేస్తున్నట్టైతే ప్రిజర్వేటివ్ లేనివి రాయమని అడగండి. మెనోపాజ్ దాటిన ఆడవాళ్ళకి, షుగర్ ఉన్నవాళ్ళకి, కీళ్ళవాతం ఉన్నవాళ్ళకి పొడిబారడం ముందునుంచే ఉంటుంది, వాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. ప్రతి చెకప్‌లో ఫ్లోరెసిన్ వేసి చూశారా లేదా గమనించండి, వెయ్యకపోతే అడగండి, నిమిషం పని. పుండు పడిందని తేలితే బ్యాండేజ్ లెన్స్, అంటే పుండుని కప్పే మెత్తటి కాంటాక్ట్ లెన్స్ పెడతారు, మానకపోతే మీ రక్తమే తీసి అందులోంచి సీరం వేరుచేసి డ్రాప్స్‌గా చేసి ఇస్తారు, ఫ్రిజ్‌లో పెట్టుకుని వాడాలి, అంతకీ మొండిగా ఉంటే ఉమ్మనీటి సంచి పొర పరుస్తారు లేదా రెప్పల్ని కొంతకాలం కొంచెం కుట్టి ఉంచుతారు. రెప్ప కుట్టడం అనగానే ఇంట్లో వాళ్ళు హడలిపోతారు, అది తర్వాత విప్పేదే, కన్ను నిలబడటానికి చేసేదే.

రెండోది ఫ్లాప్ అంచు కిందికి పైపొర కణాలు పాకడం, ఎపితీలియల్ ఇన్‌గ్రోత్ అంటారు. పెద్ద ఫ్లాప్ కాబట్టి ప్లస్ పవర్‌లో ఇది మైనస్ కన్నా ఎక్కువ చూస్తాం, ఫ్లాప్ రెండోసారి ఎత్తిన వాళ్ళల్లో ఇంకా ఎక్కువ. అంచున కొంచెం ఉండి కదలకుండా ఉంటే ఫోటో తీసి పెట్టుకుని చూస్తూ ఉంటారు, అది చాలు. మధ్యకి పాకుతుంటే, లేదా పైన ఫ్లాప్ అంచు కరుగుతుంటే, ఎత్తి గీకి శుభ్రం చేసి కుట్టో జిగురో వేస్తారు.

మూడోది పవర్ వెనక్కి రావడం. ఇది కాంప్లికేషన్ అనుకోకండి, చాలామందికి కొంత వస్తుంది, చుట్టూ చెక్కిన గాడిని పైపొర మందంగా పెరిగి పూడ్చేస్తుంది. కానీ ఇక్కడే ఒక తొందర జరుగుతుంది, "టచప్ చేసేద్దాం" అని, అంటే రెండోసారి లేజర్. ఇప్పటికే నిటారుగా ఉన్న కార్నియాని ఇంకా నిటారు చేస్తే ఏమవుతుందో పైన టీచరమ్మ సంగతి చూశారు. టచప్ అనగానే మీరు అడగాల్సింది, ఇప్పుడు కార్నియా మధ్యలో కెరటోమెట్రీ, అంటే అది ఎంత నిటారుగా ఉందో చెప్పే కొలత, ఎంత, చేశాక ఎంత అవుతుంది అని. 49, 50 డయాప్టర్లు (పవర్ కొలిచే యూనిట్) దాటుతుందంటే చాలామంది సర్జన్లు చెయ్యరు. ఒక్కో ప్లస్ డయాప్టర్‌కి దాదాపు ఒక డయాప్టర్ పెరుగుతుందని లెక్క, మీరే కూడుకోవచ్చు. పైపొర బాగుందని, కొన్ని నెలలుగా పవర్ కదల్లేదని తేలేదాకా రెండోసారి ముట్టుకోనివ్వకండి. కళ్ళజోడు పెట్టుకుని తిరగడంలో ఏ నష్టం లేదు.

నాలుగోది ఎక్టేషియా, కార్నియా బలం తగ్గి ముందుకి ఉబ్బడం. ప్లస్ పవర్‌లో మధ్య భాగం పల్చబడదు కాబట్టి మైనస్ కన్నా అరుదు, కానీ వస్తుంది, నెలల తర్వాతా వస్తుంది, ఏళ్ళ తర్వాతా వస్తుంది. గుర్తులు: సిలిండర్ పవర్ (కార్నియా వంపు ఒక్కో దిక్కున ఒక్కోలా ఉండటం వల్ల వచ్చేది) మాటిమాటికీ పెరగడం, ఒక్క కంటితో చూసినా చంద్రుడు రెండు మూడుగా కనిపించడం, అక్షరానికి నీడ పడటం. ఒక మెలిక ఏంటంటే ప్లస్ లేసిక్ అయిన కార్నియా టోపోగ్రఫీలో, అంటే దాని ఒంపుల రంగుల మ్యాప్‌లో, మధ్యలో ఎర్రగా నిటారుగానే కనిపిస్తుంది, ఆపరేషన్ సంగతి తెలీని వాళ్ళు చూస్తే కెరటోకోనస్ (కార్నియా దానంతటదే శంకువులా ఉబ్బే జబ్బు) అనేసే ప్రమాదం ఉంది, నిజంగా ఉబ్బుతుంటే "అది ఆపరేషన్ వల్లేలే" అని వదిలేసే ప్రమాదమూ ఉంది. తేల్చేది కార్నియా వెనక వైపు మ్యాప్, పెంటాక్యామ్ లాంటి మెషీన్ తీసే టోమోగ్రఫీ స్కాన్‌లో వస్తుంది, అదీ ఒక్క స్కాన్‌తో కాదు, నెలల తేడాతో తీసిన రెండు మూడు స్కాన్లు పక్కపక్కన పెడితే. కాబట్టి ప్రతి స్కాన్ రంగుల ప్రింట్ తీసుకోండి, ఒకే మెషీన్ మీద తీయించండి.

ఎక్టేషియా అని తేలితే మొదటి పని అది పెరగకుండా ఆపడం, దానికి క్రాస్ లింకింగ్ చేస్తారు, రైబోఫ్లేవిన్ అంటే విటమిన్ బీ2 చుక్కలు వేసి అతినీలలోహిత కాంతి పడేస్తారు, మొదటినుంచీ ఉన్న డ్రెస్డెన్ పద్ధతిలో కాంతి 30 నిమిషాలు, కార్నియా కనీసం 400 మైక్రాన్లు ఉండాలి. ఇది ఉబ్బుని ఆపడానికి, చూపు పెంచడానికి కాదు, ఇది ముందే తెలియకపోతే తర్వాత నిరాశ పడతారు. చూపు కోసం వేరే దారి, గట్టి కాంటాక్ట్ లెన్సులు. ఏ కారణంగా కార్నియా పైభాగం ఎగుడుదిగుడైనా సరే క్లినిక్‌లో ఒక గట్టి ఆర్‌జీపీ లెన్స్ పెట్టి చూపు చదివించమనండి, అది పెట్టగానే రెండు మూడు లైన్లు పెరిగితే ఆశ ఉన్నట్టే, ఆపరేషన్ లేకుండా లెన్స్‌తోనే గడిచిపోవచ్చు. మామూలు గట్టి లెన్స్ ఓర్చుకోలేని వాళ్ళకి స్క్లెరల్ లెన్సులు ఉన్నాయి, ఇవి పెద్దవి, తెల్లగుడ్డు మీద ఆనతాయి, లోపల సెలైన్ నింపి పెడతారు కాబట్టి కార్నియా రోజంతా తడిలో ఉంటుంది, పొడిబారిన కళ్ళకి కూడా ఇవే మందు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ ఐ ఇన్‌స్టిట్యూట్‌లో, చెన్నై శంకర నేత్రాలయలో ఈ లెన్సులకి ప్రత్యేక క్లినిక్‌లే ఉన్నాయి. మచ్చ లోతుగా పడి లెన్స్‌తోనూ రాకపోతే అప్పుడు కార్నియా మార్పిడి, పై పొరలు మాత్రమే మార్చే డాల్క్ చేయగలిగితే అదే మేలు, శరీరం తిప్పికొట్టే ప్రమాదం తక్కువ.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు

ముందు ఆపరేషన్ చేసిన చోటికే వెళ్ళండి, పాత రికార్డ్ వాళ్ళ దగ్గరే ఉంటుంది కాబట్టి. వెళ్ళి "సరిగ్గా కనపడట్లేదు" అని ఒక్క మాట అనకండి, ఏ కన్ను, ఎప్పటినుంచి, ఎప్పటిదాకా బాగుండేది, పొద్దున ఎక్కువా సాయంత్రం ఎక్కువా, ఏ డ్రాప్స్ రోజుకి ఎన్నిసార్లు, ఇవన్నీ కాగితం మీద రాసుకెళ్ళండి, డ్రాప్స్ బాటిళ్ళు సంచిలో వేసుకెళ్ళండి. రెండుసార్లు వెళ్ళినా ఫ్లోరెసిన్ వెయ్యకుండా, స్కాన్ తియ్యకుండా "పొడిబారింది, అంతే" అని పంపిస్తుంటే కార్నియా స్పెషలిస్ట్ దగ్గర రెండో అభిప్రాయం తీసుకోండి. లేసిక్ చేసే ప్రతి డాక్టరూ కార్నియా పుండ్లు, ఎక్టేషియా రోజూ చూసేవాళ్ళు కాకపోవచ్చు. ఎల్వీ ప్రసాద్ వాళ్ళవి విశాఖలో, విజయవాడ దగ్గర తాడిగడపలో కూడా ఉన్నాయి, హైదరాబాద్‌లో ప్రభుత్వ సరోజినీ దేవి ఆస్పత్రి ఉంది, దూరం అని ఆగొద్దు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి సెలవుల్లో వచ్చి ఇక్కడ చేయించుకుని పది రోజుల్లో ఫ్లైట్ ఎక్కేసే వాళ్ళు చాలామంది, వాళ్ళకి నా విన్నపం, అక్కడ ఫాలోఅప్ ఎవరు చూస్తారో ముందే మాట్లాడుకున్నాకే ఇక్కడ టేబుల్ ఎక్కండి, ఎందుకంటే పైన చెప్పిన మొండి ఇన్‌ఫెక్షన్లు సరిగ్గా మీరు ఫ్లైట్ దిగాకే బయటపడతాయి.

ఇంకా చేయించుకోని వాళ్ళు ఇది చదువుతుంటే మీకు కొంచెం చెప్తాను. చుక్కలు వేసి కంటి లోపలి కండరాన్ని వదులు చేసి పవర్ చూశారా అడగండి, అది చెయ్యకపోతే దాగి ఉన్న ప్లస్ పవర్ బయటపడదు. ప్లస్ పవర్ వాళ్ళు కంటిపాప నడిమి నుంచి కాకుండా కాస్త ముక్కు వైపు నుంచి చూస్తుంటారు, లేజర్ ఎక్కడ కేంద్రం పెడతారో అడగండి, అది తప్పితే చూపు అలుక్కుపోతుంది. పవర్ బాగా ఎక్కువైతే, వయసు యాభై దాటితే, కార్నియాని వదిలేసి లోపలి లెన్స్ మార్చుకోవడం మేలా అని కూడా అడగండి, ప్లస్ పవర్ కళ్ళల్లో లోపల గది ఇరుకుగా ఉంటుంది కాబట్టి దానికీ లెక్కలున్నాయి.

చివరగా కాగితాలు. ఆపరేషన్ ముందు పవర్, కెరటోమెట్రీ రీడింగులు, కార్నియా మందం, టోపోగ్రఫీ ప్రింట్లు, ఎన్ని డయాప్టర్లు చేశారు, ఆప్టికల్ జోన్ (పవర్ సరిచేసిన మధ్య భాగం వెడల్పు) ఎంత, ఫ్లాప్ మందం ఎంత, ఏ లేజర్, ఆరు నెలల తర్వాత నిలబడిన పవర్ ఎంత, ఇవన్నీ ఉన్న కాపీ అడిగి తీసుకోండి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమాల ప్రకారం రికార్డ్ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి, లిఖితపూర్వకంగా అడిగి రశీదు తీసుకోండి. అదే నియమాల్లో రికార్డ్ దాచాల్సిన గడువు మూడేళ్ళే, అందుకే "తర్వాత చూద్దాం" అనుకోవద్దు. అవన్నీ ఫోటో తీసి మెయిల్లో పెట్టుకోండి, ఇంట్లో ఇంకొకరికి కూడా పంపండి, ఎందుకంటే మీకు అరవైలో శుక్లాల ఆపరేషన్ వచ్చినప్పుడు లోపల పెట్టే లెన్స్ నెంబర్ లెక్క కట్టడానికి ఈ కాగితమే కావాలి, ప్లస్ లేసిక్ అయిన కంటికి మామూలు ఫార్ములా వేస్తే మైనస్ పవర్ మిగిలిపోతుంది, ఆ డాక్టర్‌కి మీరు ముందే చెప్తే వేరే ఫార్ములా వాడతారు.